ఏలియన్న పాటలోంచి నేను కోసేసిన పేరు

నిన్న పొద్దున మరియ వదిన ఫోన్.

"తమ్మీ, మీ అన్న ఇగ లేడు."

మొన్న సాయంత్రమే కదా శంషాబాద్ బస్టాండ్ దగ్గర ఇద్దరం చాయ్ తాగింది!

హార్ట్ అటాక్. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఏలియన్న మీలో చాలామందికి తెలీదు. పాట మాత్రం తెలుసు. "జారిపోతుంటే నా చెయ్యి పట్టినోడా..." మీలో సగంమంది కాలర్ ట్యూన్ అదే. రాసింది, ట్యూన్ కట్టింది, పాడింది కాటేదాన్‌లో వెల్డింగ్ చేసుకునే ఆ మనిషి.

అసలు పాటలో ఆ లైన్ తర్వాత ఇంకో మాట ఉండేది.

"యేసయ్యా."

తొండుపల్లిలో మా ప్రార్థన మందిరం రేకుల షెడ్డు. పైనుంచి విమానం వెళ్తే పక్కవాడి మాట వినబడదు. పాస్టర్ గారు కూడా ప్రసంగం ఆపేవారు. అన్న ఆపేవాడు కాదు. అది దాటిపోయేదాకా "యేసయ్యా" అని లాగుతూనే ఉండేవాడు. మెడ నరాలు ఉబ్బేవి. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

"నవ్వుర్రి నవ్వుర్రి. గా పేరు ఇనబడకుంటే ఇగ పాటెందుకురా?" అనేవాడు.

ఆల్బమ్ చేసింది నేను. కీబోర్డ్, మిక్సింగ్ అన్నీ నావే.

"అన్నా, పేరు తీసేద్దాం. లవ్ సాంగ్ అనుకొని అందరు ఇంటరు. తర్వాత ఆళ్లే దేవుని గురించి అడుగుతరు" అన్నాను.

ఒక్కడూ అడగలేదు.

ఆ రోజు అన్న మాత్రం, "నువ్వు సదువుకున్నోడివి. నీకెరుక" అన్నాడు. ఆ నమ్మకాన్ని వాడుకున్నాను. పేరును, ఆ సాగదీతను మొత్తం కోసి, అక్కడ ఫ్లూట్ అతికించాను.

పాట సూపర్ హిట్. అన్న మళ్లీ పాట రాయలేదు.

మొన్న చాయ్ దగ్గర కూడా అడిగాడు. "తమ్మీ, ఒక్కపారి గా పేరు పెట్టి మళ్ల పాడుదమా?"

"క్రిస్మస్ అయినంక చూద్దాం అన్నా" అన్నాను. ఫోన్ చూసుకుంటూ అన్నాను.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర యూత్ పిల్లలు అన్న పాటే పాడదామని స్పీకర్‌లో ట్రాక్ పెట్టారు. నేను చేసిన ట్రాక్. వాళ్లకు తెలిసింది అదొక్కటే.

వదిన కూడా గొంతు కలిపింది. "పట్టినోడా" తర్వాత పాత అలవాటుతో "యేస..." అని ఎత్తుకుంది.

ఫ్లూట్ వచ్చేసింది. పిల్లలు తర్వాతి లైన్‌కు వెళ్లిపోయారు.

రెండోసారి ఇంకా తొందరగా ఎత్తుకుంది. అప్పుడూ ఆ పేరుకు చోటు దొరకలేదు.

మూడోసారి పాడలేదు. నా వైపు చూసింది.

ఆ పేరు మళ్లీ పెట్టాలనుకున్నా ఇప్పుడు ఆ గొంతు లేదు. ఒరిజినల్ టేక్ కూడా లేదు. హార్డ్ డిస్క్ నిండిందని ఎప్పుడో డిలీట్ కొట్టాను.

క్షమించమని అడిగే ముఖం లేదన్నా నాకు.

పోయి రా ఏలియన్నా. నువ్వు గొంతు చించుకుని పిలిచిన ఆయన దగ్గర నీకు నెమ్మది దొరకాలి.