గుప్పెడు బియ్యం, పెద్దమ్మ బోనం

మా అమ్మ ఎసరు పెట్టి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక గుప్పెడు తీసి మూలనున్న చిన్న మట్టికుండ, గురిగిలో వేసేది. అది దేవుడి గురిగి. ఆదివారం వచ్చేసరికి ఆ బియ్యాన్ని మూటగట్టి సైదాబాద్ వైపున్న ప్రార్థన మందిరానికి తీసుకుపోవాలి. సంఘంలోని ఆడవాళ్ళంతా అలాగే చేసేవారు. ఆ బియ్యంతోనే దిక్కులేనివాళ్ళ పొయ్యి వెలిగేది. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి, బియ్యం దొరకడమే గగనం. నా కడుపు నిండని రోజున కూడా అమ్మ ఆ గుప్పెడు తగ్గించేది కాదు. ఆ గురిగిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అంత పెద్ద దేవుడికి మా ఇల్లే దొరికిందా అనుకునేదాన్ని. దేవుడు అమ్మను అడగబోయేది బియ్యం ఒక్కటే కాదని నాకప్పుడు తెలియదు.

శాలిబండలో మేమూ, పెదనాయన వాళ్ళూ ఒకే వాకిట్లో ఉండేవాళ్ళం. రెండు వాటాలు, ఒక బావి. అన్నదమ్ములిద్దరూ కలిసి షేర్వానీలు కుట్టేవారు. పెదనాయన బట్ట కత్తిరిస్తే నాయన కుట్టేవాడు. పెద్దమ్మకు పిల్లల్లేరు. నన్ను కన్నది అమ్మే కానీ, చంకన వేసుకుని తిప్పింది పెద్దమ్మ. అమ్మానాయనలు బాప్తిస్మం తీసుకున్నప్పుడు చుట్టాలంతా లొల్లి చేస్తుంటే, "ఎవల దేవుడు ఆళ్ళకు. పిల్ల మాత్రం నా తాననే తింటది" అనేసి ఊరుకుంది.

గొడవ ఆ తర్వాత వచ్చిన ఆషాఢంలో మొదలైంది. బోనాలనాడు పెద్దమ్మ అమ్మవారికి బోనం పెట్టి వచ్చి, ఎప్పటిలాగే గిన్నెలో బోనం అన్నమూ, అమ్మవారికి కోసిన కోడి కూరా పట్టుకుని మా గడప దగ్గరికొచ్చింది. దేవతకు పెట్టినది తినకూడదని మా సంఘంలో గట్టి కట్టడి. వద్దక్కా అని మెల్లగా చెప్తే పోయేది. మా అమ్మకు మెల్లగా చెప్పడం చేతకాదు. పైగా కొత్త భక్తి.

"దయ్యాలకు పెట్టిన కూడు నా గడప తొక్కనియ్య. తీస్కపో!"

వాకిలి నిండా చుట్టాలున్నారు. పెద్దమ్మ గిన్నె మీద కొంగు కప్పుకుని వెనక్కి తిరిగి వెళ్ళింది. ఆ నడక నాకింకా కళ్ళముందే ఉంది.

ఆ రోజు నుంచి మాటల్లేవు. దుకాణంలో అన్నదమ్ములు కూడా బట్ట గురించి తప్ప మరోటి మాట్లాడుకునేవారు కాదు. బావి దగ్గర ఒకరు నీళ్ళు తోడుకుని వెళ్ళేదాకా ఇంకొకరు గుమ్మంలోనే నిలబడేవారు. మిద్దె మీదుండే ఇంటి యజమానురాలు, మేం ఖాలా అని పిలిచే పెద్దావిడ, పిట్టగోడ మీంచి చూసి, "అరే, బాల్టీ సే దుష్మనీ హై క్యా?" అని నవ్వేది. బకెట్ మీద పగేమిటమ్మా అని. ఎవరూ నవ్వేవారు కాదు. అందరికంటే ఎక్కువ నష్టపోయింది నేను. పెద్దమ్మ ఇంటి చింతకాయ తొక్కు వాసన వస్తుంటే ఈవల కూర్చుని ఏడ్చేదాన్ని.

చలికాలంలో ఒక ఆదివారం. మందిరంలో క్రీస్తు జ్ఞాపకంగా నెలకొకసారి ఇచ్చే సంస్కారం రొట్టె, ద్రాక్షరసం బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. పాస్టరు అయ్యగారి ప్రసంగం ఆ రోజు కానుకల గురించి. కానుక పట్టుకొచ్చినప్పుడు, నీ వల్ల నొచ్చుకున్నవాళ్ళు గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని చెప్పారు. అందరూ వింటున్నారు. మా అమ్మ లేచింది. బియ్యం మూట తీసుకెళ్ళి బల్ల ముందు పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను.

శాలిబండ దాకా దారి పొడుగునా అమ్మ దేవుడితో పోట్లాడుతూనే ఉంది. "ఉపాసముండుమంటే ఉంట. బియ్యమియ్యమంటే ఇస్త. గిదేంది సామీ? ఆమె కాళ్ళకాడికి పొమ్మంటవా?" అడుగు మాత్రం ఆగలేదు. ఇష్టమై చేసేవాళ్ళను చాలామందిని చూశాను. ఒళ్ళంతా వద్దంటుంటే ఇలా నడిచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పెద్దమ్మ వాకిట్లో చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తిననన్నది తప్పు గాదక్కా. గా మాట తప్పు. నలుగురిల నీ చెయ్యిని తక్కువ చేసిన. మాఫ్ జెయ్యి."

పెద్దమ్మ తల ఎత్తలేదు. "మాటకేంది, మాఫే. మరి నా చేతి కూడు తింటవా?"

"నీ చేతిది తింట. అమ్మోరికి పెట్టింది తిన."

"బోనాలనాడు నా ఇంట్ల అమ్మోరికి పెట్టకుంట ఏముంటదే?" అని చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేం మళ్ళీ మందిరానికి చేరేసరికి సంస్కారం అయిపోయింది. నీ వంతు నువ్వు చేశావు, వచ్చే నెల తీసుకోమ్మా అన్నారు అయ్యగారు. అమ్మ ఒప్పుకోలేదు. "ఆమె మనసు ఇంక కుదుటపడలేదయ్యా" అంది. అప్పటి నుంచి ప్రతి నెలా ద్రాక్షరసం గిన్నె తన ముందుకొస్తే పక్కవాళ్ళకు అందించేసేది. అందిస్తున్నప్పుడు ఆ ముఖం చూడలేక నేను తల దించుకునేదాన్ని.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. బోనాల ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద కొత్త కుండ. పెద్దమ్మ అన్నం వారుస్తోంది. బోనం ఎత్తే మనిషి, ఉపవాసంలో ఉంది. లోపల చుట్టాల ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. "అమ్మోరి బోనం ఇంక పొయ్యి ఎక్కనేలేదు, మనిషికి వండవడితివా? తల్లికి కోపమొస్తది!" పెద్దమ్మకు అమ్మవారంటే వట్టి భక్తి కాదు, వణుకు. వణుకుతూనే వండింది. కసాయి దుకాణం నుంచి తెప్పించిన మాంసం కూర వేరే గిన్నెలో పోసి, రెండూ మా గడప మీద పెట్టింది.

"గిది ఎవల ముంగటా పెట్టలే. నీ ముంగటనే పెడుతున్న. తిను."

చెప్పేసి స్నానానికి వెళ్ళింది. అమ్మ రెండు గిన్నెల మీదా మూతలు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ముట్టబోతే చేతి మీద ఒక్కటేసింది. డప్పులు వచ్చాయి, వేపాకులు కట్టిన బోనం తలకెత్తుకుని పెద్దమ్మ వెళ్ళింది. ఉక్కపోత. అమ్మ కదల్లేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు.

పొద్దు వాలుతుండగా పెద్దమ్మ పసుపు పాదాలతో తిరిగొచ్చింది. మూతలు చూసి ముఖం పాలిపోయింది. "ఏందే, గిది గూడ తినవా?"

"పొద్దుగాల్నించి నువ్వు నోట్ల నీళ్ళు పొయ్యలే. నేనెట్ల తింట?"

పెద్దమ్మ ఉన్నచోటే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత ఒకే చాప మీద తోడికోడళ్ళిద్దరూ కూర్చుని, పెద్దమ్మ బోనం అన్నం, అమ్మ తనకు వేరే వండిపెట్టింది, ఎవరి గిన్నెలోది వాళ్ళు తిన్నారు. కూర కొంచెం పులిసిపోయింది. అమ్మ ఆ మాట ఎత్తలేదు, గిన్నె ఊడ్చి తినేసింది.

క్రైస్తవురాలు బోనాల ఉపవాసం ఉందని సంఘంలో గుప్పుమంది. సంస్కారం రోజున ఒక పెద్దమనిషి అందరిలో నిలదీశాడు. అమ్మ ఈసారి గొంతు పెంచలేదు. "అమ్మోరికి గాదయ్యా. మా అక్క ఉపాసముంటే తినబుద్ధి గాలే" అంది. అయ్యగారు ఆ పెద్దమనిషి వైపు చూశారు, అమ్మ వైపు చూశారు, ద్రాక్షరసం గిన్నె తెచ్చి అమ్మ చేతికే ఇచ్చారు. అమ్మ తాగింది.

తర్వాతి ఆదివారం అమ్మ బియ్యం మూట కడుతుంటే, ఆనాడు మూట బల్ల ముందు వదిలేసి వచ్చిన సంగతి నా నోట విన్న పెద్దమ్మ వచ్చి, తన కొంగులోంచి ఒక గుప్పెడు అందులో పోసింది.

"నీ దేవునికి గాదు, మురవకు. మూట తేలికుంటే మళ్ళ ఆడ పడేసి ఉరికొస్తవని."

అమ్మ పకపకా నవ్వింది. ఆ ఆదివారం మూట నేనే మోశాను.