గీత గీసే పెద్దాయన

కిక్కిరిసి పెరిగిన అడవిలో ఏ చెట్టు ఉండాలో, ఏది పోవాలో తేల్చే ఆ ముసలాయనను రంపాల ముఠా అంతా యముడనే పిలిచేది. ఆయన దగ్గితే నాలుగు చెట్లు భయంతో ఆకులు రాల్చేవని, అబద్ధమైతే మీసం గొరిగించుకుంటానని ఒకడు పందెం కాసేవాడు. వాడికి మీసమే లేదు. ఆయన పని మాత్రం నిదానం. మెడ వెనక్కి విరిచి చెట్టు తల చూసేవాడు. తల ఎండిందంటే లోపల డొల్ల. అది పోతే పక్కవాటికి ఎండ దక్కుతుంది. అప్పుడు మొదలు చుట్టూ ఒకసారి తిరిగి, కొట్టెయ్యమన్న గుర్తుగా ఛాతీ ఎత్తున ఎర్ర గీత గీసి, కుంచెను లాగు మీదే తుడుచుకునేవాడు.

వానలు వెలిశాక ఒక ఉదయం, ఆయన గీత గీసిన మాను దగ్గర ముఠా నాయకురాలు రంపం ఆపింది. ఆమె ఆయన కూతురే. "నాన్నా, దీని తల పచ్చగా ఉంది. ఎండింది పక్కది. అసలు పైకి చూశావా?" "చూడకేం? నువ్వు పుట్టకముందు నుంచీ అదేగా చూస్తున్నా." "అయితే ఆ పై కొమ్మన గూడుందా, లేదా?" ఆయన మెడ విరిచి చాలాసేపు నిలబడ్డాడు. "అంతా మసకేనమ్మా," అన్నాడు చివరికి. "ఎప్పట్నుంచి?" "పోయిన ఎండాకాలం నుంచి." "మరి అప్పట్నుంచి మేం కొట్టినవో?" గీసినవాడే గీత చెరపాలన్నది వాళ్ల కట్టుబాటు గనుక, ఆయన కత్తి తీసి బెరడు మీది ఎరుపంతా చెక్కేశాడు. రంగు డబ్బా కూతురి చేతికిచ్చి, "కొట్టినవాటి మోళ్ల దగ్గరికి నన్ను తీసుకుపో. డొల్లో కాదో తడిమితే తెలుస్తుంది," అన్నాడు. మొదటి మోడు ముందు మోకాళ్లూని, అంచు నుంచి నడిమి దాకా రెండు చేతులతో తడిమాడు. ఎక్కడా డొల్ల లేదు. "తర్వాతది చూపించు," అన్నాడు.