చచ్చిన రాజుకు వన్స్‌మోర్

సత్తుపల్లి బియ్యం మిల్లు యజమాని వెంకటనారాయణకు దేవుడు అన్నీ ఇచ్చాడు, గొంతు తప్ప. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పద్యనాటకంలో ఖర్చు పెట్టుకున్నవాడిదే రాజు వేషం. ఆ లెక్కన ఆయన ఇరవై ఏళ్లుగా రాజే. మణుగూరు గనుల కాలనీ క్లబ్బులో రాజు, కల్లూరు పందిట్లో రాజు. ఆయన శ్రుతి వెనకాల పరిగెత్తలేక హార్మోనిస్టులే మారుతూ వచ్చారు.

ఆయనకు కొరత ఒక్కటే. ఎన్నిసార్లు కిరీటం పెట్టినా ఒక్క వన్స్‌మోర్ పడలేదు. జనం వన్స్‌మోర్ అన్నారంటే, చచ్చిపడిన పాత్రయినా సరే లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి మళ్లీ చావాలి. అది స్టేజీ మర్యాద. ఆ మర్యాద దక్కకుండానే ముసలివాణ్ణయిపోతానేమోనని ఆయనకు నిజంగానే దిగులు. చచ్చి లేవడం ఎలాగో అద్దం ముందు సాధన కూడా చేసేవాడు, పద్యం కంటే శ్రద్ధగా.

ఎనభై మూడులో ఏకంగా ఖమ్మం హాలు మీద కన్నేశాడు. ఖమ్మం జనానికి రాగం తెలుసు. నచ్చకపోతే లేచిపోయి బయట టీ తాగడమూ తెలుసు.

"అక్కడెందుకండీ? మన ఊళ్లో అయితే మొహమాటానికైనా కూర్చుంటారు" అంది భార్య భారతమ్మ.

ఆయన వింటేగా! ఆదివారం పగటి ఆటకు హాలు కిరాయికి తీసుకున్నాడు. రాణి వేషానికి ఖమ్మం నటి సంపూర్ణను మాట్లాడాడు. ముందుజాగ్రత్తగా మిల్లు హమాలీలను లారీలో తెచ్చి ముందు వరుసల్లో కూర్చోబెట్టాడు. వాళ్ల మేస్త్రీ రామ్‌సింగ్‌కు మరీ మరీ చెప్పాడు.

"చచ్చేముందు నేనో పద్యం పాడతాను. అవ్వగానే అందరూ వన్స్‌మోర్ అనాలి. తెలిసిందా?"

"అవ్ దొరా."

ఆట మొదలైంది. రాజుగారు బాణం తగిలి కూలారు. ప్రాణం పోతూ పాడారు. ప్రాణం కంటే ముందు శ్రుతి పోయింది. పద్యం ముగించి, ఒక కన్ను సగం తెరిచి చూశారు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. హమాలీలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు.

అప్పుడు సంపూర్ణ వచ్చి శవం మీద పడి ఏడుస్తూ పద్యం ఎత్తుకుంది. ఆమె రాగం ఆగీ ఆగగానే హాలు దద్దరిల్లింది.

"వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

వెంకటనారాయణ లేచాడు. ఆలస్యంగానైనా పడిందనుకున్నాడు పాపం. దుమ్ము దులుపుకుని, కిరీటం సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. సంపూర్ణ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి ఎంతో వినయంగా చెప్పింది.

"వన్స్‌మోర్ నాకు సార్. మీరు జర సచ్చిపోండి."

చెయ్యి మైకును సరిగా కప్పలేదు. హాలంతా గొల్లుమంది. రాజుగారు మళ్లీ పడుకున్నారు. ఈసారి చావు చాలా సహజంగా వచ్చింది.

తెర పడగానే, మొహాన రంగయినా తుడుచుకోకుండా వెళ్లి రామ్‌సింగ్‌ను పట్టుకున్నాడు.

"నేను పాడినప్పుడు నోరెందుకు పెగల్లేదురా?"

రామ్‌సింగ్ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. అవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"గదేంది దొరా? మీరు పాణం ఇడిసి పడితిరి. మాకు అన్నం పెట్టేటి మనిషిని మళ్లొక్కసారి సావుమని ఎట్ల అంటం?"

వెంకటనారాయణ తిడదామనుకున్నాడు. కానీ కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లకు ఆయన నటన నమ్మిన మనిషి ఒక్కడు దొరికాడు. నమ్మాడు కాబట్టే నోరు మూసుకున్నాడు.