కవరు తీయని పెట్టె

2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యేనాటికి నేను కూకట్‌పల్లిలో ఒక శాటిలైట్ రిసీవర్ల సర్వీసు సెంటర్లో సీనియర్ బెంచి మెకానిక్‌ని. ఇళ్లకు వెళ్లి డిష్షు సరిచేసేవాళ్లు ఫీల్డువాళ్లు, కూర్చుని పెట్టె విప్పేవాళ్లం బెంచివాళ్లం. నేను చదివింది ఐదో తరగతి. టంకం పెట్టడం టీవీ ఫ్యాక్టరీలో నేర్చుకున్నాను. పనికొచ్చే ముక్కను చెత్తలో వేయడం నాకు చేతకాదు. పాడైన పెట్టెల్లోని మంచి భాగాలన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. మా ఇన్‌ఛార్జి దాన్ని నా నగల పెట్టె అనేవాడు.

ఆ రోజుల్లో మదీనాగూడ నుంచి ఇద్దరు ఒకే స్కూటరు మీద వచ్చారు. నడిపినాయన శివారెడ్డి, కడప జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాడు. వెనకాల, తువ్వాలులో చుట్టిన రిసీవరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయన ఇంట్లో కిరాయికుండే యాదగిరి. హైటెక్ సిటీ ఉద్యోగులను చేరవేసే బస్సుకు డ్రైవరు.

సంగతి ఇదీ. మాదాపూర్‌లో ఒక బస్సు అద్దాలు పగిలాయి. రాళ్లు వేసినవాళ్లలో యాదగిరి ఉన్నాడని ఎవరో చెబితే, ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు అతన్ని పని మాన్పించాడు. నిజానికి యాదగిరి ఆ పూట సెలవు పెట్టి హఫీజ్‌పేట్‌లో వంటావార్పులో ఉన్నాడు. సమ్మెలో జనం రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే తినేవారు. ఒక వార్తా చానల్ దాన్ని ప్రత్యక్షంగా చూపించింది, తెర మూలన గడియారంతో సహా. శివారెడ్డి పెట్టెలో అది రికార్డయి ఉంది. చూపిస్తే చూస్తానన్నాడు కాంట్రాక్టరు. ఈలోగా పెట్టె మొరాయించింది. రికార్డింగులుండే డిస్కును చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతోంది.

"ఒత్తిన్రా?" అని అడిగాను.

"ఒత్తబోయినానమ్మా. ఈయప్ప నా చెయ్యి పట్టి లాగినాడు," అన్నాడు శివారెడ్డి.

ఫార్మాట్ అంటే లోపలిదంతా తుడిచేయడం. డిస్కు ఊడదీసి కంప్యూటరుకు తగిలించినా లాభం లేదు. ఏ పెట్టెలో రికార్డు చేశామో ఆ పెట్టెలోనే ఆడుతుంది. రెండూ బతకాలి.

కరెంటు ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. డిస్కు తిరగబోయి, టిక్కుమని ఆగి, మళ్లీ తిరగబోయింది. ఆ చప్పుడు వింటే మామూలుగా సర్వీసు చీటీలో డిస్కు పోయిందనే రాస్తాం. పక్క బెంచి నర్సింగరావు ఆ మాటే అన్నాడు. యాదగిరి శివారెడ్డి వైపు తిరిగాడు.

"రెడ్డిసాబ్, ఇగ నా నౌకరి గంతేనా?"

"ఊరుకోబ్బా. రోడ్డెక్కి మమ్మల్ని పొమ్మంటివి. సాచ్చికం మాత్రం మా ఇంట్లోనే పెట్టుకుంటివి."

"మిమ్మల్నెవరు పొమ్మన్నరు? మీరు పోతే కిరాయి ఎవరికియ్యాలె?"

"జర నోర్లు మూస్తరా? నాకు చప్పుడు వినబడాలె," అన్నాను.

పెట్టెను తిప్పి చూశాను. ఫ్యాక్టరీలో తొడిగిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. గాలి పోయే రంధ్రాలన్నీ దాని కిందే. కొన్న వస్తువుకు కవరు తీయకపోవడం మన ఇళ్లలో ఆచారం. రిమోటుకూ అంతే, కుర్చీకీ అంతే, కారు సీటుకూ అంతే. పొదుపు మంచిదే గాని, వేడి పోయే దారి మూయకూడదు.

"కొత్తదనం పోతుందని తీయలేదమ్మా," అన్నాడు శివారెడ్డి.

"అన్నం ఉడికేటప్పుడు మూత మీద రాయి పెడతరా మీ ఇంట్ల?"



కవరు తీసేసి మూత విప్పాను. డిస్కు తిరగాలంటే పన్నెండు వోల్టులు అందాలి. మీటరు పెడితే, తిరగబోయిన ప్రతిసారీ తొమ్మిదికి పడిపోతోంది. వేడికి పవర్ సప్లై బోర్డు మీది కండెన్సర్లు రెండు ఉబ్బాయి. కరెంటును నిలకడగా ఉంచే ముక్కలవి. సమ్మె వల్ల స్పేరు సామాను రావడం లేదు. అదే కొలతవి నా బిస్కెట్ల డబ్బాలో దొరికాయి. మీటరుతో పరీక్షించి టంకం పెట్టాను. ఈసారి డిస్కు ఆగకుండా తిరిగింది. రికార్డింగుల పేర్లు తెర మీదికి వచ్చాయి.

డిస్కు చెకింగు వెంటనే మొదలుపెట్టలేదు. అది డిస్కును మూలమూలా చదివిస్తుంది. నీరసంగా ఉన్నదానికి ముందే అంత పని చెప్పకూడదు. మొదట కావలసినది కాపాడుకోవాలి. రికార్డింగు ఆడించి, తెరను శివారెడ్డి ఫోనులో వీడియో తీయించాను. పొయ్యి దగ్గర యాదగిరి, తలకు రుమాలు, చేతిలో పెద్ద గరిటె. మూలన గడియారం స్పష్టంగా ఉంది.

"ఇంట్లో ఏపొద్దూ నిన్ను పొయ్యి కాడ సూడల్యా," అన్నాడు శివారెడ్డి. యాదగిరి నవ్వబోయి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ తర్వాతే చెకింగు పెట్టాను. డిస్కులో కొన్ని చెడ్డ చోట్లు బయటపడ్డాయి. పెట్టె వాటిని ఇక వాడకుండా పక్కన పెట్టేసింది.

కాంట్రాక్టరు ఫోనులోది నమ్మనన్నాడట. శివారెడ్డి ఇంటికి వచ్చి, పెట్టెలోనే చూసి, యాదగిరిని మళ్లీ బండెక్కించాడు. ఈ మాట శివారెడ్డే ఫోన్ చేసి చెప్పాడు. పెట్టెకు కవరు మళ్లీ తొడిగారా అని అడిగాను. లేదన్నాడు.

బెంచి మీదికి కొత్తగా వచ్చినవాళ్లకు రిటైరయ్యేదాకా ఒకటే చెప్పాను. చప్పుడు విని డిస్కు పోయిందని రాయకండి. దానికి అందవలసింది అందుతోందో లేదో ముందు మీటరు పెట్టి చూడండి.