గడ్డి మీద అడుగు

ఫిలింనగర్‌లో మా ఎదురింటాయన సినిమాల్లో విలన్. ఇంటి ముందు గడ్డికి మాత్రం తోటమాలిని పెట్టుకోలేదు. కలుపు తానే పీకేవారు, కత్తిరించేదీ తానే. రోజూ పొద్దున్నే చెప్పులు విడిచి గడ్డి మీద ఒక్క అడుగు వేసి, కాలు తీసి, అక్కడే చూస్తూ నిలబడేవారు.

"ఏంటండీ అలా చూస్తున్నారు?" అని ఒకసారి అడిగాను.

"తొక్కిన గడ్డి లేచిందంటే నీళ్లక్కర్లేదండీ. అడుగు అలాగే ఉండిపోతే దానికి దాహం వేసినట్టు."

షూటింగ్‌కి ఇల్లడిగిన వాళ్లకి ఆయనది ఒకటే మాట. "ఇల్లు తీసుకోండి. గడ్డి తొక్కద్దు."

మొన్న వేసవిలో ఆయన పోయారు. వచ్చే జనానికి చోటు సరిపోతుందని ఆ గడ్డి మీదే ఎత్తు కాళ్ల బల్ల వేసి, శవాన్ని ఉంచిన ఫ్రీజర్ పెట్టె దాని మీద పెట్టారు. పరిశ్రమంతా వచ్చింది, కెమెరాలూ వచ్చాయి. పెద్ద హీరో వస్తున్నాడనగానే, దగ్గర్నుంచి చూడాలని నేనూ చెప్పులతోనే గడ్డి మీదికి తోసుకుపోయాను.

మర్నాడు పొద్దున ఆయన భార్య పైపుతో నీళ్లు పెడుతున్నారు.

"నిన్న సాయంత్రం నుంచి పెడుతూనే ఉన్నానండీ. లేవడం లేదు," అన్నారు.

బల్ల కింద ఎవరి కాలూ పడని ఆరడుగుల మేర మాత్రం గడ్డి నిటారుగా ఉంది. దాని అంచునే నా చెప్పు గుర్తు.