సరుకు ఓడలో రెండో పీట

నక్షత్రాల మధ్య సరుకు మోసే ఓడ ఒకటి గీయమని పని వచ్చినప్పుడు, నిజం చెప్పొద్దూ, ఎగిరి గంతేశాను. కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీయడం నా బతుకుతెరువు. కంపెనీ బెంగళూరులో ఉంటుంది, నేను ఎమ్మిగనూరులో మా ఇంటి ముందుగదిలో ఉంటాను. అప్పటిదాకా నాకు దక్కినవన్నీ కత్తులు, డాళ్లు, రాక్షసుల చెప్పులు. ఇప్పుడు ఏకంగా ఓడ!

ఆట కథ ప్రకారం అది తొలినాళ్ల ఓడ. వేరే నక్షత్రానికి సరుకు పంపడం మనిషి అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. వేగం లేదు, సోకు లేదు. చేరడానికి నూరేళ్ల పైమాటే. లోపల నలుగురు పనివాళ్లుంటారు. గాలి, తిండి ఆదా చేయాలి గనుక ఒకడు మేలుకుంటే మిగతా ముగ్గురూ ఏళ్ల తరబడి నిద్రపోతారు. ఒకడు లేచిన చోట ఇంకొకడు కూర్చుంటాడు. ఒకరితో ఒకరికి మాటా మంతీ ఉండదు.

మూడుసార్లు గీశాను. మూడూ వెనక్కి వచ్చాయి. బొమ్మలు చూసి అవుననో కాదనో చెప్పే ఆవిడ కంపెనీలో ఉంది, నాకంటే పదేళ్లు చిన్న. ఫోన్‌లో మెత్తగానే చెప్పింది: "చాలా అందంగా ఉందండీ. కానీ దీంట్లో ఎవరూ ఎప్పుడూ సరుకు ఎక్కించినట్టు లేదు." నాకు ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేసి కాసేపు గోడతో పోట్లాడాను. తర్వాత ఒప్పుకోక తప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క మూట ఎత్తినవాణ్ణి కాదు.

ఎత్తేవాడు మా ఇంటి మనిషే ఒకడున్నాడు, మా అన్న. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు లారీలకు ఎక్కిస్తాడు. బస్సెక్కితే గంటలోపు దూరం. ఆ దూరం నేను తొమ్మిదేళ్లుగా పోలేదు.

దానికి కారణం నా కుర్చీ కిందే ఉంది. ఇప్పుడు నేను కూర్చునే చోట మా గుంతమగ్గం ఉండేది. నాన్న పోయాక అన్నే నేసేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చి పేరుకు సాయం చేసేవాణ్ణి. మా ఇళ్లలో మగ్గాన్ని పూర్తిగా ఖాళీ చేయరు. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయి ఆఖరి చీర కోసుకున్నా, దువ్వెనలాంటి అచ్చులో జానెడు పాత పోగులు అట్లాగే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక ఒక్కొక్క పోగునూ ఆ పాత కొసలకే అతుకుతారు. నేను చిన్న పీట వేసుకొని ఎదురుగా కూర్చుని పోగు అందిస్తే, అన్న వేళ్లకు బూడిద రాసుకొని దాన్ని పాత కొసతో కలిపి మెలిపెట్టేవాడు. వేలకొద్దీ పోగులు. రెండు రోజులు మా మొహాలు మూరెడు దూరంలో ఉండేవి. చూసిన సినిమాలు, పక్కింటి గొడవలు, నాన్న తిట్టిన తిట్లు, అన్నీ అప్పుడే మాట్లాడుకునేవాళ్లం. నడుము పడిపోయిందని నేను గోల చేసేవాణ్ణి. ఆ రెండు రోజులు ఎవరైనా తిరిగి తెచ్చిస్తే ఈరోజు ఏదడిగినా ఇచ్చేస్తాను.

ఒక ఏడు నేత పని బాగా తగ్గింది. పడుగు అయిపోగానే అన్న కొసలన్నీ గుత్తులుగా ముడేసి, "సీజన్ కానీ, వస్తా" అని ఆదోనికి పత్తి పనికి పోయాడు. సరిగ్గా అప్పుడే నాకు ఈ బొమ్మల పని దొరికింది. బల్ల వేసుకోవడానికి ఇంట్లో జాగా లేదు. అన్న ఇక రాడులే, ఆ పనికి అలవాటు పడి ఉంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే వద్దంటాడని భయం. కత్తెర తీసుకొని ఆ జానెడు పోగులు కోసేశాను. మగ్గం విప్పి ఎవరికో ఇచ్చేశాను. గుంత పూడ్పించి పైన బండలు పరిపించాను. సీజన్ అయిపోయినా అన్న రాలేదు. ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడితే "బాగుండావా" అంటే "బాగుండా" అనుకునేవాళ్లం, అంతే.

ఓడ వంక పెట్టుకొని ఆదోనికి పోయాను. మిల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. అన్న సగం నిండిన లారీ నీడలో అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. మీసాల మీద, కనురెప్పల మీద పత్తి నూగు. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"ఏమప్పా, ఎవురికన్నా ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదన్నా. ఒకటి అడగాలని వచ్చినా."

ఫోన్‌లో బొమ్మ తెరిచి ఇచ్చాను. పట్టుకునే ముందు చేతులు రెండుసార్లు తువ్వాలుకు తుడుచుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఇది యాడికి పోతాది?"

"ఇంకో నక్షత్రానికన్నా. నూరేళ్ల పైన పడతాది."

"ఇంత పొడుగు బండికి కొసన ఒకటే తలుపు పెట్టినావే. నడిమి సరుకు ఎట్ల దించుతారు? పక్కలు తెరుసుకోవాల. ఎక్కిచ్చేటప్పుడే దించేది తలుసుకోవాలప్పా." మళ్లీ బొమ్మలోకి వంగి అడిగాడు. "ఎక్కిచ్చినోళ్లే దించుతారా?"

"లేదన్నా. అప్పటికి వీళ్లెవరూ ఉండరు."

"అట్లయితే తాడు కొస బయటికి కనపడేట్టు ఇడిసిపెట్టాల. కొస దొరక్కపోతే వచ్చినోడు కత్తి పెడతాడు. వాని తప్పు గాదు. వానికి తెలీదు గదా."

అన్న మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆగలేకపోయాను.

"నాకు తెలుసన్నా. తెలిసే కోసినా. మగ్గం మింద కొసలు."

"సూసినాలే."

"ఎప్పుడన్నా?"

"సీజన్ కాగానే వచ్చినా, కొత్త పడుగు సంకన పెట్టుకొని. వాకిట్లోంచే కనపడె. నువ్వు కంప్యూటర్ ముందర అటు తిరిగి కూర్చోనుంటివి. పనిలో ఉండావని పిలవలేదు."

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. అన్న తువ్వాలు తలకు చుట్టుకొని, "ఇంటికాడ వదినుంటాది, తిని పో" అని బేళ్ల వైపు నడిచాడు. వదిన మొహం చూసే ధైర్యం లేక నేరుగా బస్సెక్కాను. కిటికీ వైపు తిరిగి ఎమ్మిగనూరు దాకా ఏడ్చాను. వాకిలికీ నా కుర్చీకీ మధ్య పది అడుగులు కూడా ఉండవు. ఆ పొద్దు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే ఏం పోయేది నాకు?

ఓడను మొదటి నుంచీ మళ్లీ గీశాను. పక్కలు రెండూ తెరుచుకుంటాయి. సరుకు దొంతరలన్నీ తాళ్లతో కట్టి ఉంటాయి, ప్రతి కట్టు నుంచీ జానెడు కొస వేలాడుతుంది. మేలుకుని ఉన్నవాడు కాపలా కూర్చోవడానికి సరుకు గది మొగదల ఒక పొట్టి పీట వేశాను. ఈసారి ఒక్కరోజులోనే ఒప్పుకున్నారు. ఫైలు శుభ్రం చేసి పంపడమే మిగిలింది. ఆవిడ అడిగింది ఒక్కటే, ఆ వేలాడే కొసలు ఎందుకని. తర్వాత వచ్చేవాడు కోసెయ్యకుండా ఉండటానికి అన్నాను. భలే ఉందండీ అంది.

బొమ్మ అన్నకు పంపాను. నాలుగో రోజు గొంతు రికార్డు చేసి పంపాడు. వెనక మిల్లు మోత.

"తలుపులు బరాబరుండాయప్పా. కొసలు గూడ సూసినా. పీట ఒకటే ఏసినావే? ఎదురుగ్గా కూర్చోని అందిచ్చేటోడు యాడ కూర్చోవాల?"

ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కథలో మేలుకునేది ఒక్కడే, రెండోవాడికి పీటతో పని లేదు. అయినా ఫైలు తెరిచి ఎదురుగా ఇంకో పీట మొదలుపెట్టాను. "ఎంత ఎత్తుండాల్నో గుర్తు లేదన్నా, వచ్చి సెప్పు" అని పంపాను. అబద్ధం. ఆ ఎత్తు నా మోకాళ్లకు ఇప్పటికీ గుర్తే.

వెంటనే జవాబు వచ్చింది.

"సీజన్ కానీ, వస్తా."

ఫైలు ఎప్పుడు పంపుతారని ఆవిడ రెండుసార్లు అడిగింది. ఇదిగో అదిగో అంటున్నాను. రెండో పీటకు కాళ్లు గీయకుండా అట్లాగే వదిలిపెట్టాను. బల్లను అవతలి గోడకు జరిపి, కుర్చీ వాకిలి వైపు తిప్పుకొని పని చేసుకుంటున్నాను.