టీవీ వెనక నల్లపెట్టె

2023 వేసవి. నరసరావుపేటలో హోమ్ థియేటర్లు అమర్చే పనిలో నాకు అప్పటికి పదహారేళ్ల అనుభవం. టిప్పర్ లారీలు తిప్పే వెంకటేశ్వర్లు గారి కొత్త ఇంట్లో వైర్‌లెస్ సిస్టమ్ పెట్టింది నేనే. హాలు గోడలకు అప్పటికే రాయి అతికించేశారు కాబట్టి వైరు లాగే వీల్లేదు. వెనక స్పీకర్లు రెండూ, సబ్‌వూఫర్ అనే బరువు శబ్దాల పెట్టె కూడా గాలిలోంచే సిగ్నల్ అందుకోవాలి. వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

"ఏందయ్యా నువ్వు పెట్టింది? ఫైటింగ్ వచ్చేసరికి సౌండు గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతంది. మా బామ్మర్ది ముందర పరువు పోయింది" అన్నారు.

మా పనిలో దీన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. వైఫై రూటరు, మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్, ఇలాంటి స్పీకర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే దారిలో నడుస్తాయి. ఇరుకు గదిలో పదిమంది ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా తెలియనట్టు, ఒకదాని సిగ్నల్‌ను ఇంకొకటి తొక్కేస్తుంది. కనిపెట్టే పద్ధతి తేలికే. ఒక్కో పరికరాన్ని ఆపుతూ పోవాలి. ఏది ఆపితే శబ్దం కుదుటపడిందో దొంగ అదే.

మర్నాడు పొద్దున వెళ్లి, టీవీలో వార్తలు పెట్టి పని మొదలుపెట్టాను. రూటరు ఆపితే శబ్దం తెగడం కొంత తగ్గింది. టీవీ వెనక చెయ్యి పెడితే నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత నల్లపెట్టె తగిలింది. పచ్చలైటు వెలుగుతోంది. దాని ప్లగ్ తీశాను. ఇక శబ్దం ఎక్కడా తెగలేదు. ఇదేమిటని అడిగితే వెంకటేశ్వర్లు గారికి తెలియదు. టీవీతోపాటు వచ్చి ఉంటది, తీసెయ్ అన్నారు. ఇంట్లో వస్తువుల సంగతి తెలిసిన ఆయన భార్య పద్మ గారు తల్లికి బాగాలేదని రాజుపాలెం వెళ్లారు. ఆమెకు ఫోన్ చేద్దామని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. పెట్టెను సొరుగులో పడేశాను.

సోఫా చివర ఆయన నాన్న నాగయ్య గారు కూర్చుని ఉన్నారు. దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీల్లో ముప్ఫై ఏళ్లు మందు పెట్టే మేస్త్రీ. రాయిలో బెజ్జాలు కొట్టించి, మందు కూరి, పేల్చే పని. ఆ మోతలకు పోయిన చెవుల్లో ఇప్పుడు మిషన్లు పెట్టుకుంటారు. నేను ప్లగ్ తీసిన కాసేపటికి ఆయన నా వైపు చూసి, చెవి మీద వేలితో తట్టి చూపించారు. చాలడం లేదంటున్నారనుకుని వాల్యూమ్ పెంచాను. మళ్లీ తట్టారు. ఇంకాస్త పెంచాను.

"నీకెంత పెంచినా అంతేలే నాన్నా" అని కొడుకు నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దాయన చెయ్యి దించుకున్నారు.

వినాయక చవితి వెళ్లాక పద్మ గారు ఫోన్ చేశారు. ఆమె రాజుపాలెం నుంచి వచ్చేసరికే మామగారు హాల్లో కూర్చోవడం మానేశారట. చెవి ఇంకా మందగించిందని అందరూ అనుకున్నారు. కొన్నాళ్లకు ఆయన మిషన్లు కూడా తీసి డబ్బాలో పెట్టేశారు. చివరికి బతిమాలి గుంటూరులో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, వినికిడి ఎంతుండేదో అంతే ఉందని పరీక్షలో తేలింది. టీవీ స్ట్రీమర్ పనిచేస్తోందా అని అక్కడివాళ్లు అడిగారు. టీవీ శబ్దాన్ని నేరుగా చెవి మిషన్‌లోకి పంపే పరికరం అది. ఆమె ఇంటికొచ్చి టీవీ వెనక చూసుకుంటే పెట్టె లేదు.

"అన్నయ్యా, ఆ పెట్టె మా మామయ్య చెవి. ఎవర్నడిగి తీశావు?" అన్నారు. గొంతు పెంచలేదు.

ఆ రోజే వెళ్లాను. పొడుగు వైరు వేసి స్ట్రీమర్‌ను స్పీకర్లకు దూరంగా జరిపాను. రూటరును 5 గిగాహెర్ట్జ్ అనే రెండో దారిలోకి మార్చాను. స్పీకర్లకు వేరే ఛానల్ ఇచ్చాను. అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. పెట్టె వెలుగుతూనే ఉంది, స్పీకర్లు ఎక్కడా ఆగలేదు. మొదటిరోజే ఈ ఇరవై నిమిషాలు పెట్టి ఉండొచ్చు.

పద్మ గారు మామగారి భుజం తట్టి పిలుచుకొచ్చి మిషన్లు పెట్టించారు. వార్తలు వస్తున్నాయి. మునుపు రోజూ ఆయన ఈ వార్తలు విని, లారీ స్టాండు ఎదుట టీ కొట్టుకెళ్లి, ఒక్కో నాయకుణ్ణీ వెక్కిరిస్తూ అందరికీ చెప్పేవారట. ఆయన రానిదే అక్కడ రెండో టీ తాగేవాళ్లు కాదని పద్మ గారు చెప్పారు. వినపడటం మానేశాక ఆ కొట్టు వైపే వెళ్లలేదు.

నేను ఎదురుగా నిలబడి, ఆ రోజే చెప్పి ఉండాల్సింది పెద్దాయనా అన్నాను. తప్పులో సగం ఆయన మీదకు నెట్టే మాట అది.

"చెప్పా గదయ్యా. రెండుసార్లు చెప్పా. నువ్వు సౌండు పెంచావు" అన్నారు. చెవిలో మిషన్ సర్దుకుంటూ, "చెవి పూర్తిగా పోయిందేమో అనుకున్నా. పద్మ చానా తిరిగింది నా కోసం. మళ్లీ ఎందుకులే అని ఊరుకున్నా" అన్నారు.

పది నిమిషాలు చూసి మిషన్లు తీసేశారు. "అన్నీ కొత్త మొగాలే. ఎవడు ఏ పార్టీనో" అంటూ వరండాలోకి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా ప్లగ్ తీసేముందు అది ఎవరిదని అడుగుతాను. బిల్లు కట్టేవారిని కాదు, సోఫా చివర కూర్చున్నవారిని ముందు అడుగుతాను. వాళ్లు చెయ్యి ఎత్తితే పని ఆపి దగ్గరికి వెళతాను.

నాగయ్య గారు మళ్లీ టీ కొట్టుకు వస్తున్నారు. ఆ దారిన వెళ్లినప్పుడు బల్ల మీద కనపడతారు. కబుర్లు మాత్రం వేరేవాళ్లు చెబుతుంటారు. ఆయన చెవుల్లో మిషన్లు ఉండవు. గ్లాసు పట్టుకుని, ఎవరు నవ్వితే వాళ్ల మొహం వైపు చూస్తుంటారు.